బిగ్ బ్రదర్ ఇల్లు: కెమెరా ఎవరి వైపు, కత్తెర ఎవరి చేతిలో?



బిగ్ బాస్ నడిచే నెలల్లో ఆదివారం రాత్రి మన హాస్టల్ మెస్‌లో ఒకటే చర్చ. ఈ వారం ఎవరు బయటికి వస్తారు? ఎవరు మంచివాళ్ళు? ఎవరు నటిస్తున్నారు? ఆ చర్చలో మేమూ ఉంటాము. అయితే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో తెలిస్తే మనుషుల మీద మనం అంత తొందరగా తీర్పు చెప్పము. అందుకే ఈ వ్యాసం.

ఎక్కడ పుట్టింది?

ఈ ఆట నెదర్లాండ్స్‌లో పుట్టింది. జాన్ డి మోల్ అనే టీవీ నిర్మాత ఆలోచన ఇది. 1999 సెప్టెంబర్ 16న 'బిగ్ బ్రదర్' పేరుతో మొదలైంది. ఆ పేరు జార్జ్ ఆర్వెల్ నవల 'నైన్టీన్ ఎయిటీ ఫోర్' నుంచి తీసుకున్నది. 1949లో వెలువడిన ఆ నవలలో బిగ్ బ్రదర్ అంటే, ప్రజల ఇళ్ళలోకి కూడా తెరల ద్వారా తొంగిచూసే ప్రభుత్వానికి అధినేత. నవలలో ఆ నిఘా భయం పుట్టిస్తుంది. టీవీలో అదే వినోదమయ్యింది.

2000లో బ్రిటన్, అమెరికాలకు, 2006లో 'బిగ్ బాస్'గా హిందీకి వచ్చింది. 2017 జూలై 16న స్టార్ మా చానల్‌లో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా తెలుగులో మొదలైంది. ఆ తొలి సీజన్ ఇల్లు మన ఊళ్ళలో కాదు, మహారాష్ట్రలోని లోనావాలాలో ఉండేది.

ఎలా నడుస్తుంది?

పోటీదారులకు ఫోను, పేపరు, టీవీ, గడియారం ఉండవు. బయటి కబురు ఏదీ లోపలికి రాదు. మెడలో మైకు, గోడల్లో కెమెరాలు ఉంటాయి. తిండి సామాను కూడా కొన్నిసార్లు టాస్కుల గెలుపోటముల మీద ఆధారపడుతుంది. వారం వారం ఒకరినొకరు నామినేట్ చేసుకోవాలి. చివరి మాట ప్రేక్షకుల ఓట్లది. కొత్తవాళ్ళను ఒకచోట మూసిపెట్టి, ఆకలి, విసుగు, పోటీ కలిపితే గొడవ దానంతటదే వస్తుంది. అది ఆ మనుషుల గుణం మాత్రమే కాదు, ఆ ఏర్పాటు ఫలితం కూడా.

ఇక లెక్క చూద్దాం. ఇంట్లో 15 మంది ఉన్నారనుకుందాం. 24 గంటల్లో జరిగినదాన్ని ఒక గంటకు కుదిస్తే, సమానంగా పంచినా ఒక్కొక్కరికి వచ్చేది 4 నిమిషాలు. మిగతా 23 గంటల 56 నిమిషాలు కత్తెర పాలు. ఆ 4 నిమిషాల్లో అరిచింది పెట్టాలా, అన్నం వడ్డించింది పెట్టాలా అన్నది నిర్ణయించేది పోటీదారు కాదు, ఎడిటింగ్ గదిలో కూర్చున్నవాళ్ళు.

జేడ్ గూడీ కథ

దీనికి మంచి ఉదాహరణ జేడ్ గూడీ. లండన్‌లో పేద కుటుంబంలో పుట్టిన అమ్మాయి, దంత వైద్యుల దగ్గర నర్సు. 2002లో బ్రిటన్ బిగ్ బ్రదర్‌లోకి వెళ్ళింది. ఆమెకు లోకజ్ఞానం లేదని పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ ఎగతాళే ఆమెకు పేరూ డబ్బూ తెచ్చింది. 2007లో సెలబ్రిటీ బిగ్ బ్రదర్‌లో ఆమె, మరికొందరు మన దేశపు నటి శిల్పా శెట్టిని జాతి పేరుతో అవమానించారు. బ్రిటన్ ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు 44,000 పైగా ఫిర్యాదులు వెళ్ళాయి. ప్రేక్షకులు శిల్పను గెలిపించారు. జేడ్ క్షమాపణ చెప్పింది.

జేడ్ చేసింది తప్పే. కాని విషయం అక్కడితో ఆగలేదు. ఆ గొడవను సరిగా అదుపు చేయక నియమాలు ఉల్లంఘించిందని అదే ఏడాది మే నెలలో ఆఫ్‌కామ్ చానల్ 4ను తప్పుపట్టింది. ఆ తీర్పును చానలే తన తెర మీద ప్రకటించాలని ఆదేశించింది. అనగా మాట అన్నవారితో పాటు దాన్ని సరుకు చేసి అమ్మినవారికీ బాధ్యత ఉంది.

2008లో జేడ్ మన దేశపు బిగ్ బాస్‌కు వచ్చింది. అప్పుడు వ్యాఖ్యాత శిల్పా శెట్టే. ఆ ఇంట్లో ఉండగానే తనకు క్యాన్సర్ అని తెలిసి వెళ్ళిపోయింది. 2009 మార్చి 22న 27 ఏళ్ళకే కన్నుమూసింది. ఏడేళ్ళలో ఒకే మనిషి అమాయకురాలు, దుర్మార్గురాలు, జాలిపడదగినది అయ్యింది. పూర్తి మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు.

మన సంగతి

మన గదుల్లోనూ ముక్కూ మొహం తెలియనివాళ్ళమే వచ్చి కలుస్తాము. కాని ఇక్కడ ఒకరు గెలవడానికి ఇంకొకరు వెళ్ళిపోనక్కర్లేదు. ఒకరి నోట్సు నలుగురికి పనికివస్తుంది. మా ఇంట్లో డిగ్రీ మాతోనే మొదలైంది, అదీ ఇలాంటి నోట్సుల పుణ్యమే. హాస్టల్ పిల్లలంటే బయట కొందరికి ఒక బొమ్మ ముందే సిద్ధంగా ఉంటుంది. 4 నిమిషాల తీర్పు ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కెమెరా మన జేబులోనే ఉంది. బిగ్ బాస్‌లోకి వెళ్ళేవారు ఒప్పందం మీద సంతకం పెట్టి, డబ్బు తీసుకుని వెళ్తారు. మన పక్క మంచం తమ్ముడు ఏ సంతకమూ పెట్టలేదు. ఇంగ్లీషు తడబడుతూ చదివేటప్పుడో, ఇంటి మీద బెంగతో ఏడ్చేటప్పుడో నవ్వులాటకు వీడియో తీసి గ్రూపులో పెడితే, వాడు ట్రంకు పెట్టె సర్దుకుని ఊరికి వెళ్ళిపోవచ్చు. ఆ ఇంట్లో చదువు అక్కడితో ఆగిపోవచ్చు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, షో చూడండి, నవ్వుకోండి, ఇష్టమైతే ఓటు వేయండి. కాని అడగకుండా ఎవరినీ వీడియో తీయవద్దు. ఎవరైనా తీసినది మీ ఫోనుకు వస్తే ఇంకొకరికి పంపవద్దు. మా సీనియర్ల తరఫున మిమ్మల్ని కోరేది ఇదే.