కనిపెట్టి ఉండే యంత్రాలు, అడగని ఇష్టాలు

జ్ఞాపకశక్తి, ఆలోచన, నిర్ణయశక్తి క్రమంగా క్షీణించి దైనందిన జీవితానికి అడ్డుపడే స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. దానికి దారితీసే జబ్బుల్లో అల్జీమర్స్ ప్రధానమైనది. భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మంది ఈ స్థితిలో ఉన్నారని 2023లో వెలువడిన ఒక అంచనా. వారిని చూసుకునే సంరక్షకులు, అంటే భార్యో భర్తో పిల్లలో, ఇప్పుడు యంత్రాల సాయమూ తీసుకుంటున్నారు: మనిషి ఎక్కడున్నదీ ఫోనుకు తెలిపే జీపీఎస్ గడియారం, మంచం దిగినా తలుపు తెరిచినా కబురు పంపే సెన్సర్లు, గదంతా చూపే కెమెరా. కొడుకు డాలస్‌లోనూ తల్లి గుంటూరులోనూ ఉండే కుటుంబాలకు ఇవేమీ వింత వస్తువులు కావు.

అయితే వీటిలో దేనికి ఆ పెద్దవారు సమ్మతిస్తారో, దేన్ని సహించలేరో ఇంటివారికి నిజంగా తెలుసా? చికిత్స విషయంలో జబ్బుమనిషి ఏం కోరుకుంటాడో ఆప్తులు ఊహించగా, ఆ ఊహ 68 శాతం సందర్భాల్లోనే సరిపోయిందని 2006 నాటి ఒక సమీక్ష తేల్చింది. డిమెన్షియా సంరక్షకులపై 2011లో వచ్చిన అధ్యయనం ఇంకొంచెం లోతుకు వెళ్లింది: స్వతంత్రత, భద్రత వంటి విలువలకు జబ్బుమనిషి ఇచ్చే ప్రాధాన్యాన్ని సంరక్షకులు తక్కువగానే అంచనా వేశారు. ప్రేమ లేక కాదు. ఆ మనిషి ఇక తన మాట తాను చెప్పలేడన్న నమ్మకమే అడగడాన్ని ఆపివేస్తుంది.

సాంకేతిక సాధనాల దగ్గర ఈ అంతరం మరింత చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే ఇష్టం యంత్రంపై కంటే అది ఎవరికి, ఎప్పుడు, ఏం చూపుతుందన్నదానిపై ఆధారపడుతుంది. వీధిలో జీపీఎస్‌ను ఒప్పుకున్నవారే పడకగదిలో కెమెరాకు ససేమిరా అనవచ్చు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లారా బెరిడ్జ్ బృందం రూపొందించిన ‘లెట్స్ టాక్ టెక్’ అనే కార్యక్రమం అందుకే ఒక్కొక్క సాధనాన్నీ విడివిడిగా వివరించి, జబ్బు తొలిదశలో ఉన్న వ్యక్తినీ సంరక్షకుడినీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. తొలి ప్రయోగం చిన్నదే అయినా, ఆ సంభాషణ తరువాత సంరక్షకుల అవగాహన మెరుగుపడింది.

ఈ పద్ధతికి తొలిదశే కీలకం. తెలుగు ఇళ్లలో మొదటి మతిమరుపును వయసు తెచ్చిన చాదస్తంగా కొట్టిపారేయడం మామూలే కనుక, ఆసుపత్రికి చేరేసరికి ఇంత వివరమైన ప్రశ్నలు అడిగే అదను దాటిపోవచ్చు. అప్పుడు గడియారాన్ని పదేపదే తీసి పారేయడాన్ని కూడా ఒక జవాబుగానే లెక్కించాలి, అయితే ఆ అభ్యంతరం పట్టీ బిగువు మీదనా, వెంటాడే నిఘా మీదనా అన్నది దాన్నిబట్టి చెప్పలేం.