చెలమ నీళ్లంత తేటగా...

ఎండాకాలంలో ఏరు ఎండిపోయినా, ఇసుక తవ్వితే చెలమలో నీళ్లు ఊరతాయి. పెన్నా, చిత్రావతి ఒడ్డున పెరిగినవాళ్లకు ఆ నీటి తేట ఎవరూ చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌ అపార్ట్‌మెంట్లలో స్విమ్మింగ్‌ పూల్‌ వెనక, పంపు గదిలో నిలబెట్టిన గుండ్రటి ఫైబర్‌ ట్యాంకు చేసే పనీ అదే. దాని కడుపులో ఉన్నదీ ఇసుకే.

వేసవి సెలవులు రాగానే పిల్లల్ని ఈతలో చేర్పిస్తాం. కోచ్‌ గురించి అడుగుతాం, ఫీజు బేరమాడతాం, నీలంగా మెరిసే నీళ్లు చూసి మురిసిపోతాం. నీళ్లు నీలంగా కనిపించడానికి టైళ్లు చాలు. అందుకే ముందు పంపు గది చూపించమనండి.

క్లోరిన్‌ వేస్తున్నాం కదా అంటారు నిర్వాహకులు. క్లోరిన్‌ క్రిములను చంపుతుంది. మట్టిని, చర్మపు పొట్టును, తలకు రాసుకొచ్చిన కొబ్బరినూనెను బయటికి తీయలేదు. ఫిల్టర్‌ మురికిని తీస్తుంది, క్రిములను చంపలేదు. ఫిల్టర్‌ మొరాయిస్తే వేసిన క్లోరిన్‌ అంతా మురికి మీదే ఖర్చయిపోతుంది. పూల్‌ దగ్గర కళ్లు మండించే ఘాటు వాసన వస్తే మందు ఎక్కువైందనుకుంటాం. చాలాసార్లు అది చెమటతో, మూత్రంతో కలిసిన క్లోరిన్‌ వాసన.

ఫిల్టర్లలో ప్రధానంగా మూడు రకాలున్నాయి. ఇసుకది సుమారు 20 నుంచి 40 మైక్రాన్ల కణాలను ఆపుతుంది. మడతల గుడ్డలాంటి కార్ట్రిడ్జ్‌ 10 నుంచి 20 మైక్రాన్లవి, డయాటమ్‌ పొడి పూసిన జాలీలు 3 నుంచి 5 మైక్రాన్లవి పట్టేస్తాయి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంకెలు చూస్తే పొడిదే గొప్ప. కానీ బ్యాక్‌వాష్‌ చేసిన, అంటే నీటిని ఎదురు దిశలో పంపి కడిగిన ప్రతిసారీ పొడి మళ్లీ వేయాలి, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. కార్ట్రిడ్జ్‌కు బ్యాక్‌వాష్‌ ఉండదు, నీళ్లు ఆదా. విప్పి, పైపుతో కడిగి, నూనె జిడ్డు పడితే డిటర్జెంట్‌ నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. విల్లాలోని చిన్న పూల్‌కు అది సరిపోతుంది. వందమంది దిగే పూల్‌కు మాత్రం నా ఓటు ఇసుకకే. మొండిది, తేలిగ్గా నడిచేది.

అసలు మోసం సైజులో జరుగుతుంది. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల సగటు లోతున్న పూల్‌లో లక్షా 8 వేల లీటర్లు పడతాయి. ఆ నీరంతా ఆరు గంటలకోసారి ఫిల్టర్‌ దాటాలంటే గంటకు 18 వేల లీటర్లు పోవాలి. చదరపు మీటరు ఇసుక మీద గంటకు 25 వేల లీటర్లు మించకపోతే వడపోత బాగుంటుంది. ఆ లెక్కన ట్యాంకు వ్యాసం మూడడుగులు దాటాలి. రెండడుగుల ట్యాంకు పెట్టి, పెద్ద పంపు తగిలించి సరిపెడితే నీరు ఇసుకను చీల్చుకుని, మురికిని మోసుకుంటూ మళ్లీ పూల్‌లోకే వస్తుంది.

ఇసుక శుభ్రంగా ఉన్న రోజు ప్రెజర్‌ గేజ్‌ ఎంత చూపిందో గోడ మీద రాసిపెట్టాలి. దానికన్నా 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగినప్పుడు బ్యాక్‌వాష్‌ చేయాలి. రోజూ చేస్తే ఇంకా మంచిదని కొందరి నమ్మకం. అది తప్పు. కాస్త మురికి పట్టిన ఇసుకే సన్నటి కణాలను బాగా ఆపుతుంది, పైగా ప్రతిసారీ వెయ్యి లీటర్లకు పైగా డ్రైనేజీ పాలవుతాయి. పంపు ఆపకుండా వాల్వ్‌ పిడి తిప్పకూడదు, లోపలి రబ్బరు చిరిగిపోతుంది. గాజు గొట్టంలో నీరు తేటపడేదాకా ఎదురుపోసి, తర్వాత పంపు ఆపి, వాల్వ్‌ను అర నిమిషం రిన్స్‌లో పెట్టాలి. ఈ రిన్స్‌ మానేసేవాళ్లే ఎక్కువ. అలా మానేస్తే పైకి లేచిన మురికి కాస్తా మళ్లీ పూల్‌లో పడుతుంది.

ఐదు నుంచి ఏడేళ్లకోసారి ఇసుక మార్చాలి. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక పోస్తే సరిపోతుందనుకోకండి. జల్లెడ పట్టి, కడిగి, గింజ కొలత సరిచూసిన సిలికా ఇసుకే కావాలి. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ. అది ఇసుకను గడ్డ కట్టిస్తుంది, నీళ్లు గడ్డల పక్కనుంచి జారిపోతాయి. ఏడాదికోసారి మూత తీసి చెయ్యి పెట్టి చూడాలి.

ఇంత పట్టింపు దేనికంటే, క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమి ఉంది. 1993లో అమెరికాలోని మిల్వాకీలో తాగునీటి వడపోత గాడి తప్పినప్పుడు సుమారు 4 లక్షల మందిని మంచాన పడేసింది అదే. మామూలు మోతాదు క్లోరిన్‌లో వారం పైగా బతుకుతుంది. దాని సైజు 4 నుంచి 6 మైక్రాన్లు, ఒట్టి ఇసుకలోంచి జారిపోతుంది. కుండలో చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చినట్టే, ఇక్కడా పటిక జాతి మందును చుక్కలు చుక్కలుగా కలిపితే సన్న కణాలు ముద్దకట్టి ఇసుకకు చిక్కుతాయి. విరేచనాలైన పిల్లల్ని, తగ్గాక కూడా రెండు వారాలు పూల్‌లో దింపకపోవడం ఇంకా పెద్ద కాపుదల.

పంపు గదిలోకి రానివ్వకపోతే గట్టున నిలబడి, లోతైన చోట అడుగున ఉన్న డ్రెయిన్‌ జాలీ చూడండి. దాని గళ్లు స్పష్టంగా కనిపించకపోతే ఆ రోజు పిల్లల్ని వెనక్కి తీసుకెళ్లండి. ఆ నీటిలో మునిగిన మనిషి కూడా పైనున్నవాళ్లకు కనిపించడు.