కాలేయం మారినా ‘బి’ మాత్ర ఆపకూడదు

“కాలేయమే మార్చేశారు కదండీ, ఇంకా ఆ హెపటైటిస్ బి మాత్ర ఎందుకు?” అని మన సభ్యుల ఇళ్ల నుంచి తరచూ అడుగుతున్నారు. ఆసుపత్రి చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, మందుల షాపులో మాట తమిళమో కన్నడమో. అందుకే మన భాషలో చెప్పుకుందాం.

పాత కాలేయం తీసేసినా వైరస్ మొత్తం పోదు. రక్తంలో, ప్లీహం వంటి చోట్ల కొంత మిగిలి, కొత్త కాలేయంలోకి చేరగలదు. మరోపక్క, కొత్త అవయవాన్ని ఒళ్లు పరాయిదనుకుని తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ వంటివి ఇస్తారు. ఇవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అంటే వైరస్‌ను అదుపులో పెట్టే కాపలా కూడా తగ్గినట్టే. స్టెరాయిడ్ అయితే ఈ వైరస్ పెరగడానికి నేరుగానే తోడ్పడుతుంది. డాక్టర్లు దాన్ని వీలైనంత త్వరగా తగ్గించడానికి అదీ ఒక కారణం.

1980లలో, నివారణ మందు లేని రోజుల్లో, ఆపరేషన్ తర్వాత పదిమందిలో సుమారు ఎనిమిదిమందికి ఈ జబ్బు తిరగబెట్టేది. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు, తర్వాత లామివుడిన్, ఎంటెకావిర్, టెనోఫోవిర్ మాత్రలు వచ్చాక అది పదిమందిలో ఒకరికన్నా తగ్గింది. ఇంజెక్షన్ ఖరీదెక్కువ. ఎవరికి ఎన్నాళ్లు కావాలో డాక్టరే తేల్చాలి. మాత్ర మాత్రం సాధారణంగా జీవితాంతం.

ఎంటెకావిర్ ఖాళీ కడుపున వేసుకోవాలి: తిన్న 2 గంటల తర్వాత, మళ్లీ తినడానికి 2 గంటల ముందు. టాక్రోలిమస్ రోజుకు రెండుసార్లు రాసి ఉంటే 12 గంటల తేడాతో వేసుకోవాలి. దాని మోతాదు చూసే రక్తపరీక్ష రోజున, రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర.

టీబీకి వాడే రిఫాంపిసిన్ టాక్రోలిమస్ పనిని తగ్గిస్తుంది, ఫంగస్‌కిచ్చే ఫ్లుకోనజోల్ పెంచుతుంది. పంపరపనస తినకూడదు. టాక్రోలిమస్, టెనోఫోవిర్ రెండూ కిడ్నీల మీద ప్రభావం చూపగలవు. పైగా ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా కొని మింగితే భారం ఇంకా పెరుగుతుంది. ఇక కామెర్లకు పసరు మందు! మన పెద్దల మీద గౌరవం ఉంది కానీ, ఇక్కడ అది వద్దే వద్దు.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. ఈ వైరస్ తల్లి నుంచి కాన్పులో బిడ్డకు రావచ్చు. కాబట్టి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ, భార్యాభర్తలూ, పిల్లలూ రక్తపరీక్ష చేయించుకోవాలి. వైరస్ లేనివాళ్లకు టీకా ఉంది: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. కలిసి భోంచేస్తే అంటదు, కంచం వేరు పెట్టక్కర్లేదు. రేజరూ, పళ్ల బ్రష్షూ మాత్రం ఎవరివి వారివే.

చీటీలో ఏముందో చదివి చెప్పమంటే చెబుతాం. మందు మార్చడం, ఆపడం డాక్టరు పని.