ఆపరేషన్ ఒక్కరోజే... పథ్యం జీవితాంతం

బళ్లారి: బంధువుల ఇంట పెళ్లి. అరిటాకు నిండా వడ్డించారు. నెయ్యి వేసిన ఓళిగలు, చిత్రాన్నం, పుంటికూర పప్పు, వంకాయ పల్యం... పంక్తిలో కూర్చున్న ఓ గృహిణి మాత్రం రెండు స్పూన్ల పప్పు, రెండు స్పూన్ల పెరుగు వేయించుకుని నిదానంగా తింటున్నారు. పక్కవాళ్లు రెండోసారి అన్నం కలుపుకొనేసరికి ఆమెకు కడుపు నిండిపోయింది. ఎదుటి వరసలోని పెద్దావిడ ఊరుకుంటుందా? ‘ఏమ్మా, తినేది ఇంతేనా? ఒళ్లు కూడా సగమైపోయినావు. ఏం జబ్బు?’ అని నలుగురూ వినేలా అడిగేసింది. ఆమె నవ్వి తలొంచుకున్నారు.

జబ్బేమీ లేదు. కౌల్‌బజార్‌లో ఉండే ఈ 46 ఏళ్ల గృహిణి 14 నెలల కిందట బెంగళూరులో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నారు. అప్పుడు 118 కిలోలు. ఇప్పుడు 84. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ‘ఒళ్లొంచి పని చేయలేక కడుపు కోయించుకుందంటారు. ఆ మాట పడలేక చెప్పలేదు’ అంటారామె. పేరు బయటికి రావడం ఆమెకు ఇష్టం లేదు.

మోకాళ్లు మొండికేశాయి

భర్తది చిన్న జీన్స్ కుట్టు యూనిట్. కుట్టి వచ్చిన ప్యాంట్లకు దారాలు కత్తిరించడం, గుండీలు సరిచూడటం ఆమె పని. కూర్చుంటే లేవలేరు. లేస్తే నడవలేరు. తొమ్మిదేళ్లుగా షుగర్, ఆపై ఇన్సులిన్ సూదులు. రాత్రిపూట గురకతో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేచేవారు. ఉపవాసాలు చేశారు, రాగి అంబలితోనే నెలలు గడిపారు. ఆరు కిలోలు తగ్గితే ఎనిమిది పెరిగేది. చివరికి నగలు కుదువపెట్టి ఆపరేషన్‌కు సిద్ధపడ్డారు.

ఆమె ఒక్కరి సంగతే కాదిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో మహిళల్లో 24 శాతం మంది, పురుషుల్లో సుమారు 23 శాతం మంది ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువే ఉన్నారు. వీరందరికీ ఆపరేషన్ అవసరం లేదు. ఎత్తుకు తగ్గ బరువును లెక్కగట్టే బీఎంఐ బాగా ఎక్కువగా ఉండి, షుగర్, బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం వంటివి తోడై, ఆహార నియమాలు, వ్యాయామంతో ఫలితం లేనివారికే వైద్యులు దీన్ని సూచిస్తారు.

అసలు ఏం చేస్తారంటే...

ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో పొట్టలో ముప్పావు వంతుకు పైగా తీసేసి, అరటికాయలాంటి సన్నని గొట్టంగా మిగులుస్తారు. బైపాస్‌లో పొట్ట పైభాగాన చిన్న సంచి చేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెండింటిలోనూ కొంచెం తింటేనే కడుపు నిండుతుంది. ఆకలి పుట్టించే హార్మోన్లలో మార్పు వల్ల తిండి మీద యావ కూడా తగ్గుతుంది. ఈ గృహిణికి చేసింది స్లీవ్. పొట్టపై చిన్న రంధ్రాలే, పెద్ద కోత లేదు. సాయంత్రానికే నర్సు లేపి నడిపించింది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇలా నడవడం ముఖ్యం. మూడో రోజు ఇంటికి పంపించేశారు. ‘ఇంతేనా, అయిపాయె అనుకున్నా. అసలు కథ ఇంటికొచ్చినాక మొదలైంది’ అంటారామె.

కన్నడ అక్షరాల్లో తెలుగు వంట

ఆసుపత్రిలో ఇచ్చిన ఆహార పట్టిక ఇంగ్లిషులో ఉంది. డిగ్రీ చదువుతున్న కూతురు కన్నడ మాధ్యమంలో చదివిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది, రాయలేదు. తల్లికి అర్థమయ్యేలా తెలుగు మాటలనే కన్నడ అక్షరాల్లో రాసి ఫ్రిజ్‌కు అంటించింది. బళ్లారిలో ఇలాంటి ఇళ్లు ఎన్నో.

మొదటి రెండు వారాలు ద్రవాలే. వడగట్టిన పెసరకట్టు, పల్చని మజ్జిగ, చికెన్ ఉడికించిన నీళ్లు, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. తర్వాతి రెండు వారాలు మెత్తగా చేసిన పప్పు, పెరుగు, గుడ్డు. ఆపై ఇడ్లీ, మెత్తని కూరలు. ఆరు వారాలు దాటాకే మామూలు తిండి, అదీ కొంచెం కొంచెంగా. ఒక్కో ముద్దా పాతిక ముప్పైసార్లు నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్న అరగంట తర్వాతే తాగాలి. బరువులెత్తే పని నెల పైగా మానాలి.

అత్తగారికి ఇదంతా నచ్చలేదు. ‘ఏమే, ఈ పిల్లి తిండి తింటే పని యాడ చేస్తావు? ఇంకో ముద్ద తిను’ అని వెంటపడేవారు. ఆ ముద్దే ఒకరోజు కొంప ముంచింది.

వాంతులే కదా అనుకుంటే...

ఏడో వారంలో అత్తగారి బలవంతం మీద సగం జొన్న రొట్టె గబగబా తిన్నారు. గొంతు కింద రాయి పెట్టినట్లయింది. వాంతి అయ్యింది. మరునాడూ అంతే. నాలుగు రోజులకు నీళ్లు కూడా నిలవడం మానేశాయి. విటమిన్ మాత్రలు మింగినా బయటికే వచ్చేవి. బెంగళూరుకు పోవాలంటే రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, తోడు ఒకరు రావాలి. 300 కిలోమీటర్లకు పైనే దూరం. యూనిట్‌లో పండగ ఆర్డర్ల పని. ‘ఆపరేషన్ అయినాక వాంతులు మామూలేలే’ అనుకుని రెండు వారాలు గడిపేశారు.

పదిహేనో రోజు పొద్దున బాత్‌రూంకు పోతూ గోడ పట్టుకున్నారు. కాళ్లు తూలుతున్నాయి. ఎదురుగా ఉన్న కూతురు ఇద్దరిలా కనిపించింది. భయపడిన కూతురు బెంగళూరు డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన చెప్పింది రెండే మాటలు. ఒకటి, వెంటనే దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రెండు, గ్లూకోజు ఎక్కించే ముందే థయమిన్ సూది ఇవ్వమని అక్కడి డాక్టరుకు చెప్పండి, ఫోన్ ఆయనకివ్వండి.

థయమిన్ అంటే బి1 విటమిన్. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. వాంతులతో అది అడుగంటితే నరాలు, మెదడు దెబ్బతింటాయి. తూలడం, చూపు రెండుగా కనిపించడం, మతి తప్పడం దాని గుర్తులు. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ముప్పు పెరుగుతుంది. ఆలస్యమైతే మతిమరుపు, నడకలో తేడా శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

ఆమె అదృష్టవంతురాలు. సూదులు పడ్డాక చూపు సర్దుకుంది. తర్వాత ఎండోస్కోపీలో అసలు కారణం తేలింది. గొట్టంలా మిగిలిన పొట్ట ఒకచోట ఇరుకైంది. బెలూన్‌తో దాన్ని వెడల్పు చేశారు. పాదాల్లో తిమ్మిరి మాత్రం ఐదు నెలలు వదల్లేదు. ‘రొట్టెది కాదు తప్పు. పదిహేను రోజులు ఊరికే కూర్చున్నామే, అదీ తప్పు’ అంటున్నారు భర్త.

రోజు గడిచేదిలా

ఇప్పుడు ఆమె రోజుకు ఓ లెక్క ఉంది. పొద్దున్నే నలభై నిమిషాల నడక. టిఫిన్‌కు రెండు గుడ్లు, లేదంటే చిన్న పెసరట్టు. ఉగ్గాని అయితే నాలుగు స్పూన్లు. దానికి తోడుండే మిరపకాయ బజ్జీ మాత్రం లేదు. మధ్యాహ్నం మొదట పప్పో చికెనో, తర్వాత కూర, కడుపులో చోటుంటే అన్నం. సాయంత్రం అలసంద గుగ్గిళ్లు. రాత్రి పప్పులో నానబెట్టిన పావు జొన్న రొట్టె. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలన్నది వైద్యుల మాట. అది తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది.

ఎండాకాలం మరో పరీక్ష. బళ్లారి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. దాహం వేసినా గటగటా తాగే వీల్లేదు. సీసా మీద గీతలు గీసుకుని, గంటకింత అని గుక్క గుక్కగా రోజుకు రెండు లీటర్లు పూర్తి చేస్తారు.

మాత్రలకూ వేళలున్నాయి. మల్టీవిటమిన్, ఐరన్, క్యాల్షియం, డి విటమిన్, బి12. ఐరన్‌కు క్యాల్షియంకు మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ వేసుకున్న వెంటనే టీ తాగితే అది ఒంటికి పట్టదు. ఇవి బలం మాత్రలు కావు, బాగయ్యాక మానేయడానికి. పొట్ట తగ్గినవారికి తిండి నుంచి ఇవి చాలినంత అందవు. అందుకే జీవితాంతం వాడాలి. ‘చీటీ పాట కట్టినట్లు నెలనెలా మందులకు డబ్బు పక్కన పెట్టాల్సిందే’ అంటారామె.

నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు ఊడి వచ్చింది. ఏడ్చారు. బరువు వేగంగా తగ్గేటప్పుడు ఇది మామూలేనని, తిరిగి వస్తుందని డాక్టర్ చెప్పారు. ఏడాదికి వచ్చింది కూడా. చేతుల కింద, పొట్ట మీద చర్మం వేలాడుతోంది. అది తగ్గలేదు. జాకెట్లు నాలుగుసార్లు కుట్లు విప్పి బిగించుకున్నారు. పాతది ఒకటి మాత్రం అలాగే దాచారు. ఇన్సులిన్ ఆగిపోయింది. గురక పోయింది. యూనిట్‌లో కింద కూర్చుని ప్యాంట్లు సర్ది, తనంతట తాను లేస్తున్నారు.

ఇవి మరవొద్దు

తొలి వారాల్లో జ్వరం, గుండెదడ, తీవ్రమైన కడుపునొప్పి వస్తే పొట్ట కుట్టు దగ్గర లీకు కావచ్చు. కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. రెండింటికీ పరుగున ఆసుపత్రికి పోవాల్సిందే. రోజంతా నీళ్లు నిలవకపోయినా ఆగకూడదు.

షుగర్, బీపీ మందులు పాత మోతాదులోనే వాడితే చక్కెర, రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాక్టరుతో మోతాదు మార్పించుకోవాలి. సొంతంగా మానేయడమూ తప్పే. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగడం, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, పుండ్లు తెస్తుంది. బైపాస్ అయినవారు తీపి ఎక్కువ తింటే చెమటలు, దడ, విరేచనాలు పట్టుకుంటాయి. మద్యం తొందరగా తలకెక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదమూ ఎక్కువే. పిల్లలు కావాలనుకునే మహిళలు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. బరువు తగ్గితే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఆ మధ్యకాలంలో జాగ్రత్త అవసరం.

రెండేళ్ల తర్వాత కొందరికి కొంత బరువు తిరిగి వస్తుంది. చిరుతిళ్లు, తీపి పానీయాలు పొట్ట ఎంత చిన్నదైనా జారిపోతాయి. ఆపరేషన్ సాయం చేస్తుంది గానీ కాపలా కాయదు.

దూరమే అసలు చిక్కు

సరిహద్దు ఊళ్లవారికి పెద్ద ఆసుపత్రి ఎప్పుడూ పక్క ఊళ్లోనో పక్క రాష్ట్రంలోనో ఉంటుంది. హోసూరు వారికి బెంగళూరు గంటన్నర దూరం. బళ్లారి వారికి రాత్రంతా ప్రయాణం. రాయగడ, బరంపురం వారు విశాఖకో భువనేశ్వర్‌కో పోవాలి. ఒంట్లో బాగుందని ఒకసారి మానేసిన పరీక్ష మళ్లీ మొదలుకాదు. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపై ఏటా రక్తపరీక్షలు తప్పవు. అందుకు ప్రతిసారీ రైలెక్కనక్కర్లేదు. పరీక్షలు సొంత ఊళ్లో చేయించి, రిపోర్టు ఫోన్‌లో పంపి సలహా తీసుకునే వీలుందేమో ఆపరేషన్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి. డిశ్చార్జి కాగితం ఫొటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉండాలి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా, చివరికి పంటి డాక్టరుకైనా, ఆపరేషన్ సంగతి ముందే చెప్పాలి. ఊరికి చెప్పకపోయినా ఫర్వాలేదు, డాక్టరుకు దాచకూడదు.

మళ్లీ పెళ్లి పంక్తి దగ్గరికి వస్తే... ‘ఏం జబ్బు?’ అన్న పెద్దావిడకు కోడలు జవాబు చెప్పలేదు గానీ, పక్క ఆకు దగ్గరున్న అత్తగారు తలెత్తారు. ఒకప్పుడు ఇంకో ముద్ద తినమని వెంటపడిన అత్తే.

‘దానికేం జబ్బు లేదు. అది అంతే తింటాది. నీ ఆకులో ఓళిగ చల్లారతా ఉంది, చూసుకో’ అన్నారు.