మౌత్ ఆర్గాన్‌పై బ్లూస్: మన చెవికి కొత్తేమీ కాదు



పిల్లలు కీబోర్డో గిటారో అడిగితే మనకు వెంటనే అర్థమవుతుంది. అదే "మౌత్ ఆర్గాన్‌పై బ్లూస్ నేర్చుకుంటాను" అంటే ఏం కొనాలో, ఎలా మొదలుపెట్టాలో తెలియదు. డబ్బు పెట్టి కొన్నది రెండో నెలకే అలమారాలో పడుతుందేమోనన్న భయం కూడా ఉంటుంది. ఈ నెల ఆ సందేహాలు చూద్దాం.

బ్లూస్ అంటే ఏమిటి?

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి ప్రజల మధ్య 19వ శతాబ్దం చివర్లో రూపుదిద్దుకున్న సంగీతమిది. చేలల్లో పాడుకున్న పనిపాటలు, చర్చి పాటలు దీనికి మూలం. ఒకరు ఒక మాట అంటే మిగిలినవారు అందుకుంటారు. మన తీరంలో వల లాగుతూ "హైలెస్సా" అనేవారిని విన్నవారికి ఈ పద్ధతి తెలిసినదే. జర్మనీ నుంచి చవకగా వచ్చిన హార్మోనికా జేబులో పట్టేది కాబట్టి ఈ సంగీతంలో త్వరగా కలిసిపోయింది.

ఏది కొనాలి?

హార్మోనికాల్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

• ట్రెమొలో: ఒక్కో స్వరానికి కొద్ది తేడాతో పలికే రెండు రీడ్లు ఉంటాయి. అందుకే నాదం అలలా ఊగుతుంది. సినిమా పాటలకు బాగుంటుంది, బ్లూస్‌కు అనువు కాదు.

• డయటానిక్: 10 రంధ్రాలు, 20 రీడ్లు. బ్లూస్ వాయించేవారిలో ఎక్కువమంది వాడేది ఇదే. ధర తక్కువ.

• క్రొమాటిక్: సాధారణంగా 12 రంధ్రాలు, 48 రీడ్లు. పక్కనున్న బటన్ నొక్కితే స్వరం అర మెట్టు పెరుగుతుంది. 12 స్వరస్థానాలూ పలుకుతాయి కాబట్టి బ్లూస్‌తో పాటు మన రాగాలకూ పనికొస్తుంది. లిటిల్ వాల్టర్ (1930–1968) వంటి గొప్ప బ్లూస్ కళాకారులు దీన్నీ వాయించారు. ధర ఎక్కువే. కొంటే "సి" శ్రుతిది తీసుకోండి.

పిల్లలు అడిగింది ఏ రకమో తెలుసుకోకుండా ట్రెమొలో కొనిస్తే, వాళ్లు ఎంత ఊదినా విన్న నాదం రాదు. తమకే చేతకావడం లేదనుకుని మానేస్తారు.

మన స్వరాల్లో మొదటి పాఠం

బ్లూస్‌కు ఆధారమైన అయిదు స్వరాలు మన శుద్ధ ధన్యాసి స్వరాలే: స గ మ ప ని. గాంధారం సాధారణం, మధ్యమం శుద్ధం, నిషాదం కైశికి. "సి" క్రొమాటిక్‌పై ఇలా వస్తాయి:

స: 1వ రంధ్రం, గాలి పీల్చాలి
గ: 2వ రంధ్రం, పీల్చాలి
మ: 3వ రంధ్రం, ఊదాలి
ప: 3వ రంధ్రం, పీల్చాలి
ని: 4వ రంధ్రం, ఊదాలి
పై స: 5వ రంధ్రం, పీల్చాలి

3వ రంధ్రంలో ఊదుతూ బటన్ నొక్కితే ప్రతి మధ్యమం వస్తుంది. 'మ' నుంచి 'ప'కు వెళ్తూ దాన్ని లీలగా తాకితే బ్లూస్ రంగు వచ్చేస్తుంది.

తాళం కూడా తేలికే. ప్రసిద్ధమైన 12 బార్ల బ్లూస్‌లో బారుకు 4 దెబ్బల చొప్పున 48 దెబ్బలు ఉంటాయి. అంటే ఆదితాళంలో 6 ఆవర్తనాలు. మొదటి రెండూ 'స' ఆధారంగా, మూడోది 'మ', నాలుగోది మళ్లీ 'స', అయిదోది సగం 'ప', సగం 'మ', ఆరోది 'స'. పిల్లలు వాయిస్తుంటే మీరు తాళం వేయవచ్చు.

పై వరుసలో పీల్చే స్వరాలే ఎక్కువ. ఊపిరితిత్తులు నిండిపోయి పిల్లలు తడబడతారు. మధ్యలో ఆగి ముక్కుతో గాలి వదలడం అలవాటు చేయండి. ఆస్తమా ఉంటే ముందుగా డాక్టర్‌ను అడగండి.

రీడ్ వాద్యం మనకు తెలిసినదే

హార్మోనియంలోనూ గాలికి కదిలే లోహపు రీడ్లే పలుకుతాయి. అక్కడ తిత్తి చేసే పనిని ఇక్కడ ఊపిరి చేస్తుంది. మన నెల్లూరు సొంతం చేసుకున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు హరికథకులైన తండ్రి సాంబమూర్తి గారిని వింటూ పెరిగి, చిన్నతనంలోనే హార్మోనియం, వేణువు నేర్చుకున్నారు. నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020లో ఆయన పేరు పెట్టారు. స్వరజ్ఞానం ఉన్న గురువు ఎవరి దగ్గరైనా పై ఆరు స్వరాలు సరిచూపించుకోవచ్చు.

జాగ్రత్తలు

• వాయించే ముందు నోరు పుక్కిలించాలి. బిస్కెట్ పొడి రీడ్లలో ఇరుక్కుంటుంది.
• ఏసీ గదిలో చల్లబడిన వాద్యంలోకి వెచ్చని ఊపిరి వెళ్తే లోపల తేమ పట్టి కవాటాలు అంటుకుంటాయి. కాసేపు అరచేతుల్లో వెచ్చబరచాలి.
• వాయించాక రంధ్రాలు కిందికి ఉంచి అరచేతిపై తట్టి, ఆరాక పెట్టెలో పెట్టాలి. ఉప్పుగాలి తగిలే మన ఊళ్లలో బయట వదిలేయకూడదు.
• ఒకరి వాద్యం ఇంకొకరు వాయించకూడదు.

మీరు చేయగలిగింది

రోజుకు 15 నిమిషాలు చాలు. మొదటి నెలంతా ఒక్క రంధ్రం నుంచి ఒక్క స్వరం స్పష్టంగా పలకడానికే పట్టవచ్చు. ఆ దశలో చుట్టాల ముందు వాయించమనకండి, సర్టిఫికెట్ ఎప్పుడొస్తుందని అడగకండి. మార్కులు, ర్యాంకుల మధ్య పిల్లలు "ఈ రోజు బాగోలేదు" అని చెప్పుకునే చోటు తక్కువ. బ్లూస్ పుట్టిందే ఆ మాట చెప్పుకోవడానికి. పరీక్షల వారంలోనూ ఆ 15 నిమిషాలు తీసేయకండి. వీలైతే పక్కన కూర్చుని తాళం వేయండి.