కోపం వెనుక దాగిన భయం

పరకాల చుట్టుపక్కల ఇళ్లలో మంచీచెడూ పత్తిచేనుతో ముడిపడి ఉంటాయి. 1997-98లో పత్తి దెబ్బతిని అప్పటి వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ గాయం ఇక్కడ ఎవరూ మరువలేదు. నేటికీ అప్పుల సంగతి పెద్దలు ఎంత గుసగుసగా మాట్లాడుకున్నా పిల్లల చెవిన పడుతుంది. మాట అర్థం కాదు, భయం మాత్రం మిగిలిపోతుంది.

ఒక ఆదివారం మా సండేస్కూలులో ఓ బాబు పక్కవాడి పుస్తకం చింపేశాడు. మేమూ అందరిలాగే ముందు గద్దించాం. వాడు నోరు విప్పలేదు. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, ‘కోపమొచ్చిందా, బాధేసిందా, భయమేసిందా?’ అని అడిగాం. చాలాసేపటికి ‘భయం’ అన్నాడు. రాత్రి నాన్న ఇంటికి రాలేదట! గద్దించినందుకు మేము సిగ్గుపడ్డాం.

కయీను ముఖం చిన్నబుచ్చుకున్నప్పుడు దేవుడు మొదట చేసింది ప్రశ్నించడమే (ఆదికాండము 4). కోపమెందుకని అడిగి, ఆ తర్వాతే పాపం వాకిట పొంచి ఉందని హెచ్చరించాడు. చావు కోరుకున్న ఏలీయాకు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు (1 రాజులు 19). లాజరు సమాధి దగ్గర యేసుప్రభువు అందరి ఎదుటా కన్నీళ్లు విడిచాడు. మరి ‘మగపిల్లాడివి, ఏడుస్తావా?’ అని మనం ఎవరి దగ్గర నేర్చుకున్నాం?

కోపంలో ఉన్న బిడ్డకు నీతిబోధ తలకెక్కదు. ముందు దగ్గరికి తీసుకుని, కాసిన్ని నీళ్లు తాగించి, నెమ్మదిగా ఊపిరి తీసుకోమనాలి. తన లోపల ఉన్నదానికి పేరు పెట్టనివ్వాలి. కోపం రావడం తప్పు కాదనీ, కొట్టడం తప్పనీ అప్పుడు చెబితే వింటాడు. ఆ పేరుతోనే ప్రార్థన నేర్పాలి: ‘దేవా, నాకు భయంగా ఉంది.’ కీర్తనల్లో దావీదు తన భయాన్నీ దుఃఖాన్నీ దేవుని ముందు దాచుకోలేదు కదా!

చిన్ననాడు చెప్పుకోనివ్వకపోతే పెద్దయ్యాక చెప్పుకోవడం తెలియదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. బిడ్డ రోజుల తరబడి తిండి, నిద్ర, ఆట మానేస్తే ప్రార్థనతోపాటు వైద్యుణ్ణి కూడా కలవాలి. 2022లో మొదలైన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. అది అవిశ్వాసం కానే కాదు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు మార్కుల గురించి కాదు, ‘ఇవాళ నీ మనసెలా ఉంది?’ అని బిడ్డను అడుగుదాం. జవాబు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుందాం.