స్మృతికి అయస్కాంతపు చేయూత

పక్షవాతమనగానే పడిపోయిన కాలుచేతులు, వంకర తిరిగిన మూతి మనకు గుర్తుకు వస్తాయి. కాని ఆ వ్యాధి కలిగించే నష్టాలలో కంటికి కనబడనిది మరొకటి ఉన్నది. అదే జ్ఞాపకశక్తి క్షీణించడం. కోలుకొని నడవగలిగిన మనిషి సైతం ఉదయం వేసుకొన్న మాత్రను మరచి మళ్లీ వేసుకోవచ్చు. పొయ్యిమీద పాలు పెట్టిన సంగతి మరచిపోవచ్చు. ఇంటివారు దానిని వయోధర్మమనో, అశ్రద్ధ అనో భావిస్తారు. నిజానికది మెదడుకు తగిలిన గాయం.

మెదడుకు రక్తాన్ని అందించే నాళం పూడుకొనిపోయినా, చిట్లినా ఆ భాగంలోని నాడీకణాలు నశిస్తాయి. అయితే మిగిలిన కణాలు తమలో తాము కొత్త సంబంధాలను ఏర్పరచుకోగలవు. పాత కాలువ పూడితే నీరు మరొక దారి వెతుక్కొన్నట్లే ఇదీను. ఈ గుణమే చికిత్సకు ఆధారం.

పుర్రెను తెరవకుండా నాడీకణాలను ప్రేరేపించే పద్ధతులలో ముఖ్యమైనవి రెండు. మొదటిది అయస్కాంత ప్రేరణ. మారుతున్న అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే నిరూపించాడు. ఆ సూత్రం ఆధారంగా 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం తలపై తీగచుట్టను ఉంచి మెదడును ప్రేరేపించింది. రెండవ పద్ధతిలో తలపై అమర్చిన పలకల ద్వారా సాధారణంగా 1 నుండి 2 మిల్లీ ఆంపియర్ల స్వల్ప విద్యుత్తును పంపుతారు.

జ్ఞాపకాలను పదిలపరచడంలో కీలకమైన హిప్పోకాంపస్ మెదడు లోపలి భాగంలో ఉంటుంది. సాధారణ తీగచుట్ట ప్రభావం అంత లోతుకు నేరుగా చేరదు. అందుచేత 2014లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానితో నాడీ సంబంధం గల పైపొర భాగాన్ని 5 రోజులపాటు ప్రేరేపించారు. ముఖాలను, వాటితో జతచేసిన పదాలను గుర్తుంచుకొనే శక్తి మెరుగుపడింది. అయితే ఆ పరీక్షలో పాల్గొన్నవారు ఆరోగ్యవంతులు.

పక్షవాత రోగులపైనా ఇటువంటి ప్రయత్నాలు జరుగుతున్నాయి. కొన్నింటిలో మేలు కనిపించినా ఫలితాలు అందరిలో ఒకే తీరుగా లేవు. గాయపడిన చోటు, గాయం పరిమాణం మనిషికీ మనిషికీ మారడం అందుకొక కారణం. ఈ చికిత్స వలన కొందరికి తలనొప్పి, అరుదుగా మూర్ఛ రావచ్చు. తలలో లోహపు పరికరాలు ఉన్నవారికి అయస్కాంత పద్ధతి ప్రమాదకరం కావచ్చు. కనుక నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి.

ఈ ప్రేరణ జ్ఞాపకశక్తి సాధనకు తోడు మాత్రమే, బదులు కాదు. చేయవలసిన పనులను రాసిపెట్టుకోవడం, దినచర్యను క్రమబద్ధం చేసుకోవడం రోగి వంతు. అడిగినదే మళ్లీ అడిగినా విసుగుకొనక బదులు చెప్పడం ఇంటివారి వంతు.